మలిచూపున నిలిచిన చిత్రము

జవ్వాది కొండలకు చేరువనున్న అణైకట్ మొదలుకొని, పాలారు దాటి గుడియాత్తము వరకు వ్యాపించిన సీమ, 1911లో చిత్తూరు జిల్లా వేరుపడునంతవరకు, నేటి చిత్తూరు ప్రాంతముతో కలిసి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదై యుండెను. పాలనకై గీసిన హద్దులు మారినను ఇంటిభాషను విడువని తెలుగు కుటుంబములు ఇచ్చట నేటికిని పెక్కు కలవు. చిత్రమును రెండవమారు చూచి గుణదోషములను మరల తూచు అలవాటు ఇటువంటి సీమలలో టూరింగ్ టాకీసుల నీడన పెరిగినదని నా నమ్మకము.

చలనచిత్రము పట్టణములలో తన తొలి వైభవమును ముగించుకొని, ప్రతి అరిగి, గీతలు పడిన పిమ్మటగాని పల్లెల డేరాకు వచ్చెడిది కాదు. ఒక్క ప్రొజెక్టరే యున్న డేరాలలో రీలు మార్చునప్పుడెల్ల ఆట ఆగెడిది. ఆగినప్పుడు నేల టిక్కెట్టు కొన్న ప్రేక్షకునకు తాను చూచినదానిని పొరుగువానితో చర్చించుటకు వ్యవధి దొరికెడిది. పట్టణమున ముందే చూచి వచ్చినవాడు అచ్చటనే విమర్శకుడయ్యెడివాడు. పైగా ఇరుభాషల సీమ యగుటచే మరియొక సౌకర్యమును కలదు: 1957లో విజయావారు ‘మాయాబజారు’ను తెలుగుననే గాక తమిళముననుకూడ వెలువరింపగా, అక్కినేని నాగేశ్వరరావు ధరించిన అభిమన్యుని వేషమును జెమినీ గణేశన్ ధరింప, సావిత్రియు రామారావును రంగారావును మాత్రము తమ తమ పాత్రలయందే నిలిచిరి. రెండును చూచినవానికి కథ తెలిసినదే యగుటచే, ఇక మిగిలినది నటనను, కూర్పును, పలుకుబడిని పరిశీలించుటయే గదా! ఏమి జరుగునో యను ఆతురత తీరిన పిదప కలుగు ఈ స్వస్థచిత్తమే విమర్శకు మూలధనము.

మలిచూపను ఈ భాగ్యమునకు నోచుకొనని చిత్రము ఈ సీమలోని వేలూరు వానిదే యగుట విచారకరము. వేలూరున జన్మించి, మద్రాసులో మోటారు విడిభాగముల వర్తకము చేసిన ఆర్. నటరాజ మొదలియారు 1917 ప్రాంతమున నిర్మించిన ‘కీచకవధము’ దక్షిణదేశమున తొలి మూగ కథాచిత్రము. దాని ప్రతి యొక్కటియు మిగులలేదు. దానిని మరల తూచుటకు త్రాసు కలదుగాని వస్తువు లేదు.

1991 జూలై 3న అమెరికాలో విడుదలయైన ‘టెర్మినేటర్ 2’ను ఇటీవల మరల చూచినప్పుడు నాకు ఈ డేరా విమర్శయే స్మరణకు వచ్చినది. 1984 నాటి తొలిభాగమున హంతకమైన యంత్రమే మలిభాగమున రక్షకమగుట, ద్రవలోహముతో నిర్మితమైన ప్రతినాయకుడు కరిగి మరల రూపు దాల్చుట, ఆ దినములలో లోకమును అబ్బురపరచినవి. కాని 137 నిమిషముల చిత్రమున గణకయంత్రము కల్పించిన ద్రవలోహ దృశ్యములు సుమారు అయిదు నిమిషములు మాత్రమే. తక్కినదెల్ల బొమ్మల పనియు, నటుల శ్రమయు, జేమ్స్ కామెరూన్ కూర్పును.

మలిచూపున నన్ను పట్టి నిలిపినది కథానాయిక సారా కానర్. ప్రళయమును తెచ్చు యంత్రమునకు తెలియకయే బీజము వేయుచున్న శాస్త్రజ్ఞుని చంప బోయి, భార్యాపుత్రుల యెదుట గాయపడి నేలనొరిగిన అతనిపై తుపాకి పేల్చలేక ఆమె కుప్పకూలు ఘట్టమే ఈ చిత్రమునకు ప్రాణము. లోకమును రక్షింప వచ్చినది తానును యంత్రమగుటకు వెంట్రుకవాసి దూరమున ఆగెను. రక్షక యంత్రమో, ఆమె కుమారుడైన బాలుని ఆజ్ఞచే, ప్రాణము తీయకుండుట నేర్చుచున్నది. చివరి కర్మాగారపు పోరాటము దీర్ఘమైనదని, దృశ్యము చెప్పినదానినే సారా కంఠము మరల చెప్పుట అనవసరమని నేను ఇప్పటికిని అందును. అయినను తొలిభాగముకంటె ఇది మిన్న యనుటకు సంకోచింపను. కథలో ప్రళయమునకు పెట్టిన ముహూర్తము 1997 ఆగస్టు 29. ఆనాడు రానున్న భయముగా చూచినదానిని నేడు గడచిపోయిన తేదీగా చూచుచున్నాము. అణ్వస్త్రములు మాత్రము అంతరింపలేదు. కనుక భయము తేదీనుండి విడివడి మరింత స్వచ్ఛమైనది.

‘టెర్మినేటర్ 2’ వెలువడిన 1991లోనే, అదే జూలై 18న, మన సింగీతం శ్రీనివాసరావు కాలయంత్ర చిత్రము ‘ఆదిత్య 369’ విడుదలయ్యెను. రాయల కాలమును కన్నులారా చూచిన ఆనందములో, 2504వ సంవత్సరమున మూడవ ప్రపంచయుద్ధానంతరము మనుజులు భూగర్భమున తలదాచుకొను భాగమును మనవారు కేవల వినోదముగా దాటవేసిరి. 2025 ఏప్రిల్ 4న అది మరల తెరకెక్కినప్పుడు దానిని చూచిన నాకు, ఆ భాగము ఇంకను విస్తరింపదగినదని, హంపీ వైభవమును ముందు చూపి పిదప సూర్యుని ఎరుగని జనమును చూపిన ఆ వరుసయందే దర్శకుని గాఢమైన వేదన యున్నదని తోచినది. కామెరూన్ కున్న ధనము సింగీతమునకు లేదు. కాని పోగొట్టుకొనబోవునదేమో ముందుగా చూపుటయందు మనవాడే ఒక అడుగు ముందున్నాడు.