నాడి ముందుగాల చెప్తది

ఇట్ల మంట కాడికి జరుగు బిడ్డా. నర్సింగు చదువుతున్నవు గద, నీకు అక్కరకొచ్చే ముచ్చట చెప్త.

మేము డ్యూటీల చేరిన కాలంల మానిటర్లు యాడియి? రాత్రిపూట కాన్పుల వార్డంతటికి ఒక సిస్టరు, ఒక ఆయమ్మ. మంచం మీద బాలింత, మంచం కింద ఆమె తల్లో అత్తో పండేది. మా చేతిల ఒక గడియారం, ఒక బీపీ మిషను, పాదరసం థర్మామీటరు, గంతే. చార్టు కంటె ముందు మొఖం చూడుమని పెద్ద సిస్టర్లు పోరుపెట్టి నేర్పిన్రు.

ఒక చలికాలం రాత్రి. నాలుగో కాన్పయిన ఒకామె ఉండె. పిల్ల మంచిగున్నది, మాయ పడ్డది, బీపీ మంచిగనే ఉన్నది. చార్టు చూస్తే ఏ రంధి లేదు. కాని ఆమె మంచం దాటినంక నా కాళ్లు ముందుకు పడలే. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోదును. ఎనుకకు మర్లి చూస్తే ఒక్కొక్కటి కండ్లవడ్డది. అంత చలిల దుప్పటి తన్నేసింది. ఒకటే ఆవలింతలు. "నీళ్లియ్యి సిస్టరమ్మా" అని ఊకె అడుగుతున్నది. పిల్ల పక్కనే ఏడుస్తుంటే అటు మొఖం తిప్పుతలేదు.

నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట. నాడి పట్టిన, 130. కాన్పయినంక రాయి లెక్క గట్టిపడాల్సిన గర్భసంచి మెత్తగ తగిలింది. నడుము కింద చెయ్యి వెడితే రబ్బరు షీటు మీద నెత్తురు గడ్డలు.

ఎడమచేత్తో సంచి రుద్దుకుంటనే కుడిచేత్తో కాల్ బుక్కుల రాసి ఆయమ్మను డాక్టరమ్మ కాడికి ఉరికిచ్చిన. "నాకు మనసుల ఎట్లనో ఉన్నది" అని రాస్తే ఎవరు లేచొస్తరు? నాడి ఎంత, సంచి ఎట్లున్నది, నెత్తురు ఎంత పోయింది, గదే రాసిన. ఆమె రాంగనే మెథర్జిన్ ఇంజెక్షను, సెలైను. మంచానికి కాళ్ల దిక్కు ఇటుకలు పెట్టి ఎత్తినం. తెల్లారేసరికి తల్లి పిల్లకు పాలిస్తుండె.

"నీకు దేవుడే చెప్పిండు సిస్టరమ్మా" అన్నది వాళ్ల అత్త. దేవుడు కాదు బిడ్డా. వయసుల ఉన్న ఆడిమనిషికి నెత్తురు పోతుంటే బీపీ పడేది ఆఖరుకు. నాడి ముందుగాల ఉరుకుతది. దాహం, ఆవలింతలు, నిమ్మళం లేకపోవుడు దాని ఎంటనే వస్తయి. అసుమంటి బాలింతలను మస్తు మందిని చూసినయి నా కండ్లు. నోటికి మాట రాకముందే అవి గుర్తుపట్టినయి.

ఈ సంగతి తర్వాత పుస్తకాలకెక్కింది. అమెరికాల పాట్రీషియా బెన్నర్ అనే నర్సు 1984ల రాసింది. కొత్త నర్సు రూలు చూసి పని చేస్తది, ఆరితేరిన నర్సు మొత్తం సంగతిని ఒక్కసారే పసిగడ్తది అని, నడుమ మెట్లన్ని లెక్కగట్టి చెప్పింది. ఆస్ట్రేలియాల, సిడ్నీ దిక్కు లివర్‌పూల్ ఆసుపత్రిల 1990ల అత్యవసర బృందం పెట్టిన్రు. నాడి, ఊపిరి అంకెలతోటి పాటు "ఈ పేషెంటు గురించి నాకు బుగులుగున్నది" అని నర్సుకు అనిపించినా ఆ బృందాన్ని పిలువొచ్చని రూలు రాసుకున్నరు. మా కాలంల ఆ మాట అంటే నవ్వేటోళ్లు.

అట్లని మనసు చెప్పిందల్ల నిజమనుకోకు. నొప్పికి అరిచేదాన్ని చూసి "నాటకాలు పడ్తున్నది" అనేది గూడ ఆ మనసే. ఊకె బెల్లు కొట్టే ముసలాయనను చూసి "ఈయనకు రోజు ఇదే పని" అనేది గూడ గదే. అందుకే చెప్తున్న ఇను: "ఏదో తేడా ఉన్నది" అని మనసు అంటే లేచిపొయ్యి నాడి పట్టు, ఊపిరి లెక్కపెట్టు. "ఏం కాదు తియ్, కూసో" అని అన్నదనుకో, అప్పుడు ఇంకింత తొందరగ లే.