పట్టాకు విలువ ఎక్కడి నుండి వస్తుంది?

పట్టా అన్న మాట తెలుగువారికి రెండు విధాల పరిచయం. ఒకటి భూమి పట్టా, రెండవది చదువు పట్టా. పొలం కొనేటప్పుడు మనం అమ్మేవాని మాట నమ్మి సొమ్ము చెల్లించము. లింకు డాక్యుమెంట్లు చూస్తాము, ఈసీ తీయిస్తాము, ఆ హక్కు అతనికి ఎవరి వలన సంక్రమించిందో విచారిస్తాము. చదువు పట్టా విషయంలో మాత్రం ముద్ర, సంతకం, బంగారు అంచు కనిపిస్తే చాలునని ఊరుకుంటాము. ఈ పట్టా ఇచ్చే అధికారం ఇచ్చినవారికి ఎవరు ఇచ్చారు? అంతర్జాలంలో పుట్టుకొచ్చిన విశ్వవిద్యాలయాల కాలంలో ఈ ప్రశ్న వేయడం ప్రతి ఉపాధ్యాయునికీ అవసరం. రాష్ట్రం వెలుపల తెలుగు చెప్పుకునే మనకు మరింత అవసరం. ఎందుకో ముందు చెబుతాను. తరువాత చరిత్రలోకి వెళదాము.

తెలుగు ప్రధానాంశంగా డిగ్రీ, పీజీ చదవడానికి మన ప్రాంతాలలో కళాశాలలు తక్కువ. ఉద్యోగం, సంసారం విడిచి దూరం పోయి చదవడం అందరికీ సాధ్యం కాదు. పదోన్నతికో, కొత్త నియామకానికో ఒక అర్హత తక్కువ పడినప్పుడు "ఇంటి నుండే, తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో" అనే ప్రకటన కంటపడితే మనసు లాగుతుంది. ఆ పట్టా చెల్లదని పదేళ్ల తరువాత తేలితే నష్టపోయేది ఆ ఒక్క ఉపాధ్యాయుడే కాదు. ఒకే తెలుగు పంతులు ఉన్న బడిలో ఆ పోస్టు ఖాళీ అయితే తరగతి కూడా మూతపడవచ్చు. మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక చరిత్ర. మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఏర్పడ్డాయి. మూడింటికీ మూడు చట్టాలు చేశారు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన ఆ సంస్థలు తొలి దశాబ్దాలలో పాఠాలు చెప్పలేదు. కళాశాలలను అనుబంధించుకోవడం, పరీక్షలు జరపడం, పట్టాలివ్వడం వాటి పని. అనగా మన దేశంలో విశ్వవిద్యాలయమంటే మొదట బోధనాలయం కాదు, పట్టా ఇచ్చే అధికారం. ఆనాడు గంజాం నుండి బళ్లారి వరకు తెలుగువాడు ఎక్కడ ఉన్నా ఒకే మద్రాసు విశ్వవిద్యాలయం కిందివాడే. తరువాత 1936లో గంజాం ఒడిశాలోకి, 1953లో బళ్లారి మైసూరులోకి వెళ్లాయి. మనుషులు కదలలేదు, హద్దులు కదిలాయి. ఏ పట్టా ఎక్కడ చెల్లుతుందన్న చిక్కు మనకు ఆ హద్దులతోనే వచ్చింది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం కలుగుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేనంత మాత్రాన సంస్థ దొంగదేనా? కాదు. బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పరాయి ప్రభుత్వపు విద్యావిధానానికి బదులుగా పుట్టినదే. 1920లో గుజరాత్ విద్యాపీఠం, జామియా మిలియా కూడా అదే స్ఫూర్తితో వెలిశాయి.

వీటన్నిటికంటే మనకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. ధోండో కేశవ కర్వే 1916లో స్త్రీల కొరకు ఒక విశ్వవిద్యాలయం ప్రారంభించారు. మాతృభాషలో ఉన్నత విద్య చెప్పాలన్నది ఆయన పట్టుదల. 1920లో సర్ విఠల్‌దాస్ థాకర్సీ తన తల్లి పేరున 15 లక్షల రూపాయల విరాళం ప్రకటించారు. నేటి ఎస్.ఎన్.డి.టి. విశ్వవిద్యాలయం అదే. దానికి చట్టబద్ధమైన హోదా లభించినది 1951లో. అంటే 35 ఏళ్లు ఆ సంస్థ చట్టపు ముద్ర లేకుండానే పాఠాలు చెప్పింది, పరీక్షలు పెట్టింది, పట్టాలిచ్చింది. తనకు లేని గుర్తింపు ఉన్నదని చెప్పుకోలేదు. చేరిన స్త్రీలు దేనిలో చేరుతున్నారో తెలిసే చేరారు. గుర్తింపు లేని సంస్థకూ మోసపు సంస్థకూ గల తేడా ఇదే. మొదటిది తన స్థితిని దాచదు, చదువు చెబుతుంది. రెండవది స్థితిని దాస్తుంది, కాగితం అమ్ముతుంది.

స్వాతంత్ర్యానంతరం ఈ వెసులుబాటుకు హద్దు ఏర్పడింది. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టంలోని 22వ సెక్షను ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు మూడు రకాల సంస్థలకే ఉన్నది: కేంద్ర లేక రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం, 3వ సెక్షను కింద డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. 23వ సెక్షను విశ్వవిద్యాలయమనే పేరు వాడకాన్నే కట్టడి చేసింది. ఉల్లంఘనకు 24వ సెక్షను పెట్టిన జరిమానా మాత్రం వెయ్యి రూపాయల వరకే. కంచె గట్టిగా వేసి, గొళ్లెం దారంతో కట్టినట్లయింది. నకిలీ సంస్థల జాబితా ప్రకటించి విద్యార్థులను హెచ్చరించడం యు.జి.సి.కి ఏటేటా తప్పని పని కావడానికి ఇదొక కారణం.

"మేము భాషా మైనారిటీలము, రాజ్యాంగం 30వ అధికరణం మాకు విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కు ఇచ్చింది కదా" అని కొందరు అడుగుతారు. హక్కు ఉన్నది, నిజమే. 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణంలోని విద్యాసంస్థ అనే మాటలో విశ్వవిద్యాలయం కూడా ఇమిడి ఉన్నదని అంగీకరించింది. అయితే ఆ సంస్థ ఇచ్చే పట్టాలను ప్రభుత్వం గుర్తించి తీరాలని పట్టుబట్టే హక్కు దానివలన రాదని కూడా చెప్పింది. చట్టం చేత ఏర్పడిన విశ్వవిద్యాలయం మైనారిటీ సంస్థ కాజాలదన్న ఆ తీర్పులోని మరొక భాగాన్ని 2024 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తోసిపుచ్చింది. డిగ్రీకి చట్టపు ఆధారం కావాలన్న 22వ సెక్షను నియమాన్ని ఆ తీర్పు మార్చలేదు. కనుక బడి పెట్టుకునే హక్కు వేరు, డిగ్రీ ఇచ్చే అధికారం వేరు.

దూరవిద్య స్వతహాగా తక్కువదని నేను అనడం లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టినది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులయ్యారు. రెండూ చట్టం ద్వారా ఏర్పడినవే. పగలు పనిచేసి రాత్రి చదువుకున్నవారికి ఇవి తలుపులు తెరిచాయి. ఆ మంచిపేరును అడ్డుపెట్టుకొని తరువాత కొందరు దుకాణాలు తెరిచారు.

2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసి, కొద్దికాలంలోనే 112 విశ్వవిద్యాలయాలను నోటిఫికేషన్లతో ఏర్పరచింది. అనేకింటికి భవనాలు, ఆవరణలు కూడా లేవు. యు.జి.సి. మాజీ అధ్యక్షుడు, శాస్త్రవేత్త యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లను కొట్టివేసింది. విశ్వవిద్యాలయాలు పేరుతో సహా పోయాయి. రాష్ట్ర చట్టమున్నంత మాత్రాన సరిపోదని, చదువు చెప్పే వసతి కూడా ఉండాలని ఆ తీర్పు వలన తెలియవచ్చింది.

మరి విశ్వవిద్యాలయం అసలైనదే అయినా కోర్సు చెల్లకపోవచ్చా? చెల్లకపోవచ్చు. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో, మూడేళ్ల డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన పీజీని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2017లో ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో, కొన్ని డీమ్డ్ సంస్థలు తగిన అనుమతులు లేకుండా దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీలపై కోర్టు వేటు వేసింది. 2001-05 నడుమ చేరినవారికి తిరిగి పరీక్ష రాసే అవకాశమిచ్చి, తరువాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. ఉద్యోగాలలో కుదురుకున్నవారు ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షహాలుకు వెళ్లవలసి వచ్చింది.

విదేశీ పేరు చూసి భ్రమపడేవారికి 2011 జనవరి నాటి ట్రైవ్యాలీ ఉదంతం చాలు. కాలిఫోర్నియాలోని ఆ సంస్థ ఎక్కువగా అంతర్జాలంలో తరగతులు నడిపింది. సుమారు 1,500 మంది విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లినవారే ఎక్కువ. సగానికి పైగా ఒకే అపార్టుమెంటు చిరునామాలో ఉంటున్నట్లు రికార్డులు చూపాయి. అధికారులు సంస్థను మూయించి, కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. సంస్థ యజమానికి 2014లో 16 ఏళ్లకు మించిన జైలుశిక్ష పడింది. అప్పు చేసి పిల్లలను పంపిన కుటుంబాలకు ఆ శిక్ష వలన ఒరిగినది ఏమీ లేదు.

ఈ చరిత్ర అంతటి నుండి మనం నేర్వవలసిన విచారణ నాలుగు ప్రశ్నలలో ఇమిడిపోతుంది. ఈ విశ్వవిద్యాలయం ఏ చట్టం వలన ఏర్పడింది? మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కోర్సుకు, దూరవిద్య లేక ఆన్‌లైన్ పద్ధతికి యు.జి.సి. అనుమతి ఉన్నదా? అధ్యయన కేంద్రం మీ రాష్ట్రంలో నడిపే అధికారం దానికి ఉన్నదా? రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం దాటి కేంద్రాలు పెట్టరాదని 2013లో యు.జి.సి. బహిరంగ ప్రకటన చేసింది. పొరుగు రాష్ట్రపు తెలుగు కోర్సులకు ఆశపడే మనం ఈ ప్రశ్నను మరువరాదు. చివరిది, ఉపాధ్యాయ శిక్షణ అయితే 1993 చట్టం కింద ఏర్పడిన ఎన్.సి.టి.ఇ. గుర్తింపు విడిగా ఉన్నదా? సమాధానాలు సంస్థ కరపత్రంలో కాక యు.జి.సి., ఎన్.సి.టి.ఇ. జాబితాలలో వెదకండి. నియామకం చేసే శాఖకు ఒక ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. "గుర్తింపునకు దరఖాస్తు చేశాము" అంటే గుర్తింపు లేదనే అర్థం.

చట్టపు ముద్ర ఉన్న పట్టా అంతా పాండిత్యం కాదు, ముద్ర లేనివాడు అజ్ఞాని కాడు. మన ఊళ్లలో ఏ పట్టా లేకుండా తరాల పిల్లలకు పద్యం నేర్పిన పెద్దలు ఉన్నారు. వారిని గౌరవిద్దాము. అయితే పట్టా అన్నది మనకు మనం చెప్పుకునే మాట కాదు, మనలను ఎరుగని మూడో మనిషికి మన తరఫున మరొకరు ఇచ్చే హామీ. ఆ హామీ ఇవ్వడానికి అధికారం లేనివారి చేత దానిని కొనుక్కొని, దాని మీద ఒక తెలుగు తరగతి భవిష్యత్తును నిలబెట్టకండి. ఈ ఏడు ఏ కోర్సులోనైనా చేరదలచినవారు రుసుము కట్టకముందే ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. మీ పక్క బడి పంతులుగారి చేత కూడా అడిగించండి.