ఊదిన బలం, ఓర్చిన ఇంజన్

మన సంఘం ప్రత్యేక సంచికలో పింఛను గురించీ, కరువు భత్యం గురించీ, వైద్య బిల్లుల గురించీ రాయగల అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. నేను ఈసారి మోటారు ఇంజన్ల చరిత్ర ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కారణం లేకపోలేదు. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో ఇప్పటికీ అక్కడక్కడ గుడ్డ కప్పిన పాత ఫియట్టో, అంబాసిడరో కనిపిస్తుంది. జి.పి.ఎఫ్. అప్పు పెట్టి కొన్న బండి అది. ఇప్పుడు కొడుకులూ మనవళ్ళూ దానిని బాగుచేయిస్తామంటున్నారు, సంతోషమే. అయితే పనిలో పనిగా ‘సూపర్‌చార్జర్’ పెట్టించి జోరు పెంచుతామనీ కొందరు అంటున్నారు. దానికి అవుననాలో కాదనాలో తెలియాలంటే ఆ పరికరం కథ కొంత తెలిసి ఉండాలి.

మన ఊళ్ళలో కమ్మరి కొలిమి చూసినవారికి సూపర్‌చార్జర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బొగ్గు తనంతట తాను మండితే ఇనుము ఎర్రబడదు. తిత్తి ఊదితేనే కొలిమి రగులుతుంది. మామూలు ఇంజన్ తనకు కావలసిన గాలిని పిస్టన్ కిందికి దిగేటప్పుడు తానే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ గాలిని అదిమి సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగిన పెట్రోలును కూడా ఎక్కువగా మండించవచ్చు. అంతే పరిమాణం గల ఇంజన్ నుంచి ఎక్కువ బలం వస్తుంది. మన హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అందువల్ల ఇక్కడి గాలి ఒత్తిడి బందరులోకన్నా సుమారు 6 శాతం తక్కువ. మామూలు ఇంజన్ ఇక్కడ ఆ మేరకు బలం కోల్పోతుంది. గాలి విలువ ఎంతటిదో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

ఈ యంత్రం పుట్టిందీ కొలిమి కోసమే అన్నా తప్పులేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌లో రూట్స్ సోదరులు 1860లో ఒక గాలి పంపుకు పేటెంటు పొందారు. ఒక పెట్టెలో రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా తిరుగుతూ గాలిని నెట్టే ఏర్పాటు అది. దానిని ఇనుము కరిగించే పెద్ద కొలుములకు వాడారు. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, ఇంజన్‌లోకి గాలిని అదిమి పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కాని అది అమ్మకపు కార్లలోకి రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ కంపెనీ ‘కంప్రెసర్’ కార్లను చూపించింది. 1923లో ఇటలీ గ్రాండ్ ప్రీ పందెంలో సూపర్‌చార్జర్ ఉన్న ఫియట్ కారు గెలవడంతో పందెపు కార్లన్నీ ఆ దారి పట్టాయి.

మన హైదరాబాదు సంగతికి వస్తే, ఇక్కడ ప్రసిద్ధి పొందిన పాతకారు 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని ఆర్డరు చేశారు. 1911లో ఆయన కన్నుమూయగా, బండి ఉస్మాన్ అలీఖాన్ కాలంలో చేరింది. పసుపుపచ్చ రంగు, వెనుక సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం. దాని ఆరు సిలిండర్ల ఇంజన్ స్వయంగా గాలి పీల్చుకునేదే. దానికి ఏ తిత్తీ లేదు. కొన్ని ఉత్సవాలకు తప్ప బయటికి రాని ఆ బండి మొత్తం మీద తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు. మన కాలపు స్కూటర్ల లెక్కన చూస్తే, ఆ బండికి ‘రన్నింగ్ ఇన్’ కూడా పూర్తి కాలేదన్నమాట!

సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్లు హైదరాబాదుకు రోడ్డు మీదుగా కాక ఆకాశమార్గాన వచ్చాయి. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946 నుంచి బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపింది. 1953లో జాతీయం కావడంతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కొక్కదానికి 14 సిలిండర్లు, 1,200 గుర్రపు బలం, దానిలోనే గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్. పైకి పోయేకొద్దీ పలచబడే గాలిని అదిమి అందించడానికి విమానాలకు ఈ ఏర్పాటు తప్పనిసరి. అందులో ఆడంబరం ఏమీ లేదు.

ఇక కార్లలో సూపర్‌చార్జర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ‘బ్లోయర్ బెంట్లీ’. బెంట్లీ కంపెనీ నాలుగున్నర లీటర్ల కారు మామూలుగా 110 గుర్రపు బలం ఇచ్చేది. పందెగాడు సర్ హెన్రీ బర్కిన్ దానికి ఏంహర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరు రూపొందించిన రూట్స్ తరహా సూపర్‌చార్జర్ పెట్టించాడు. డొరోతీ పాజెట్ అనే సంపన్నురాలు డబ్బు సమకూర్చింది. బలం మామూలు బండిలో 175కూ, పందెపు బండిలో సుమారు 240కీ ఎగబాకింది. కాని ఇంజన్‌ను రూపొందించిన డబ్ల్యు.ఓ. బెంట్లీకి ఈ పద్ధతి బొత్తిగా ఇష్టం లేదు. బలం కావాలంటే ఇంజన్‌నే పెద్దది చేయాలి గాని, ఉన్నదానిలోకి బలవంతంగా ఊదకూడదని ఆయన అభిప్రాయం.

1930లో ఇద్దరి వాదానికీ పరీక్ష జరిగింది. ఫ్రాన్స్‌లో లె మాన్స్ అనే చోట 24 గంటల పందెంలో బర్కిన్ జట్టు బ్లోయర్ కార్లు ఒక్కటీ చివరిదాకా నిలవలేదు. సూపర్‌చార్జర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ గెలిచింది. అదే ఏడు పావ్ పట్టణంలో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బర్కిన్ బ్లోయర్ రెండో స్థానంలో వచ్చి ఔరా అనిపించుకున్న మాటా నిజమే. వేగంలో దానికి లోటు లేదు. వేడికీ ఒత్తిడికీ గంటల తరబడి ఓర్చుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు. అటువంటి బండ్లు మొత్తం 55 మాత్రమే తయారయ్యాయి. 1931లో కంపెనీయే రోల్స్ రాయిస్ చేతికి పోయింది.

ఇంజన్‌కు ఓర్పు ఎలా వస్తుంది? కొంత కూర్పులో, కొంత తొలి నడకలో. సిలిండర్ బోరింగ్ చేసి, హోనింగ్ రాయితో లోపలి గోడలమీద సన్నని అడ్డగీతలు పెడతారు. ఆ గీతలలో ఆయిలు నిలుస్తుంది. పిస్టన్ రింగులు ఆ గోడలకు రాసుకుంటూ, గరుకుతనం తగ్గించుకుంటూ, గాలి చొరబడకుండా సర్దుకుంటాయి. అదే రన్నింగ్ ఇన్. మన సర్వీసు భాషలో చెప్పాలంటే అది ప్రొబేషన్. చేరిన రోజునే పూర్తి భారం మోపితే రింగులూ బేరింగులూ కాలిపోతాయి. అసలు భారమే పెట్టక ఉత్తగా ఆడిస్తూ కూర్చున్నా గోడలు అద్దంలా నునుపెక్కి, రింగులు కుదురుకోక, జీవితాంతం ఆయిలు తాగుతుంది. కాబట్టి భారం క్రమంగా పెంచాలి, మధ్యమధ్య తగ్గించాలి. అరిగిన ఇనుప రజను తొలి ఆయిలులోకే చేరుతుంది గనుక దానిని పెందలాడే మార్చాలి. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్‌లో ప్రతి పేలుడూ బలంగా ఉంటుంది, వేడీ ఎక్కువే. అందువల్ల ఈ జాగ్రత్తలన్నీ రెట్టింపు కావాలి.

ఆ సంగతి బెంట్లీ కంపెనీ తొంభై ఏళ్ళ తరువాత ఆచరణలో పెట్టింది. 2019లో ఆ కంపెనీ బర్కిన్ జట్టు కారును విప్పదీసి, ప్రతి భాగాన్నీ కొలిచి, అచ్చంగా అలాంటివే 12 కార్లు చేస్తామని ప్రకటించింది. వాటికి ముందు పరీక్ష కోసం ‘కార్ జీరో’ అని ఒకటి చేశారు. కొత్తగా కూర్చిన ఇంజన్‌ను క్రూ పట్టణంలోని ఫ్యాక్టరీలో, 1938 నాటి టెస్ట్ బెడ్ మీద ఎక్కించారు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజన్లను యుద్ధకాలంలో రన్నింగ్ ఇన్ చేసింది అక్కడే. 20 గంటల కార్యక్రమం వేసుకుని, ఐడిలింగ్ నుంచి నిమిషానికి 3,500 చుట్ల వరకు వేగాన్నీ భారాన్నీ మెల్లమెల్లగా పెంచారు. అది ముగిశాకే పూర్తి బలం ఎంతో కొలిచారు. తరువాత కార్ జీరోకు ట్రాకు మీద 8,000 కిలోమీటర్ల పరీక్ష పెట్టారు. అది రోడ్డు మీద 35,000 కిలోమీటర్ల వాడకానికి సమానమట. కంప్యూటర్లతో భాగాలు గీయగలిగిన ఈ కాలంలోనూ ఆ 20 గంటలను వారు 2 గంటలకు కుదించలేదు. బలాన్ని ఒక పంపు బిగించి తెచ్చుకోవచ్చు. సర్దుబాటుకు పట్టే గడువును మాత్రం ఇవ్వవలసిందే.

ఇక మన షెడ్డులోని బండి మాట. 1,489 సీసీ అంబాసిడర్ ఇంజన్ బి.ఎం.సి. వారి పాత నమూనా. దాని క్రాంకును మోసేవి మూడే మెయిన్ బేరింగులు. ఆ ఇంజన్‌కు సూపర్‌చార్జర్ తగిలించడమంటే రిటైర్మెంటు దగ్గరపడిన గుమాస్తాకు మరో రెండు సీట్ల అదనపు బాధ్యత అప్పగించడం వంటిది. పైగా చట్టం ఒకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన సొంత వాడకపు వాహనాలను ‘వింటేజ్’ తరగతిలో రిజిస్టరు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి, చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు కూడా. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతులకూ తీసుకుపోవచ్చు. జోరు కోసం ఇంజన్ రూపు మార్చితే ఆ హోదా పోయే ప్రమాదం ఉన్నది.

కనుక మనవళ్ళకు నేను చెప్పేది ఇది. తిత్తి మాట మానండి, ఇంజన్‌ను మాత్రం తప్పక బ్రతికించండి. ఏళ్ళ తరబడి నిలిచిన బండికి తాళంచెవి పెట్టి వెంటనే తిప్పవద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, చేత్తో క్రాంకు తిప్పి చూడండి. పాత ఆయిలు, పాత నీళ్ళు, ట్యాంకులో మురిగిన పెట్రోలు తీసేయండి. బోరుకొచ్చి ఉంటే నమ్మకమైన మెకానిక్‌తో బోరింగ్ చేయించి, మొదటి వెయ్యి కిలోమీటర్లకూ పెద్దవారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నిదానంగా తోలండి. అద్దాల గదిలో నిలబెట్టిన బండి చూడముచ్చటగా ఉంటుంది. నడిచే బండి అయితే, దానిని నడిపే విద్య కూడా తరువాతి తరానికి దక్కుతుంది.