ప్రీ యూనివర్సిటీ కోర్సు (ఇడుపులపాయ)

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయ ప్రాంగణంలో పదో తరగతి తర్వాత చదివించే రెండేళ్ల కోర్సు ఇది, ఇంటర్మీడియట్ ఎం.పి.సి.కి దీటైనది. కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఈ ప్రాంగణం నూజివీడు, బాసరలతో పాటు 2008లో మొదలైంది. జనం నోట ఈ ప్రాంగణం 'ట్రిపుల్ ఐటీ'.

ప్రవేశాలకు పదో తరగతి ప్రతిభే ప్రాతిపదిక. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి ఒకప్పుడు గ్రేడు సగటుకు 0.4 పాయింటు కలిపేవారు. కోర్సులో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు కంప్యూటరు పరిజ్ఞానం, ఇంగ్లిషు, తెలుగు ఉంటాయి. బోధన ఇంగ్లిషులోనే కనుక తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి ఏడాది కఠినం. కోర్సు ముగించినవారు అక్కడే నాలుగేళ్ల బి.టెక్.లో కొనసాగుతారు.