సాంతత్య సమీకరణం

ద్రవాలకూ వాయువులకూ ఉమ్మడి పేరైన ప్రవాహుల చలనానికి ద్రవ్యరాశి నిత్యత్వ నియమాన్ని అన్వయించగా ఏర్పడే సంబంధమే సాంతత్య సమీకరణం. ప్రవాహంలో ఊహించుకున్న ఏ స్థిర ప్రాంతంలోనైనా ద్రవ్యరాశి పెరిగే రేటు, సరిహద్దుల గుండా లోపలికి వచ్చే రేటుకూ బయటికి పోయే రేటుకూ గల భేదానికి సమానమని ఇది చెబుతుంది. కాలంతో మారని ప్రవాహం గొట్టంలో సాగుతున్నప్పుడు సాంద్రత, మధ్యచ్ఛేద వైశాల్యం, సగటు వేగాల లబ్ధం అన్ని చోట్లా ఒకటే. నీటి సాంద్రత దాదాపు మారదు కనుక, 10 సెం.మీ. వ్యాసం గల గొట్టంలో సెకనుకు 1 మీటరు వేగంతో వచ్చే నీరు 5 సెం.మీ. వ్యాసం గల భాగంలో 4 మీటర్ల వేగం అందుకుంటుంది. సన్నని కేశనాళికల్లో రక్తం నెమ్మదించడం దీనికి విరుద్ధంగా తోచినా నిజానికి కాదు. ఒక్కొక్కటి ఎంత సన్ననిదైనా వాటి మొత్తం వైశాల్యం బృహద్ధమని వైశాల్యానికి ఎన్నో రెట్లు.

నదుల విషయంలో ఈ సంబంధాన్ని బెనెడెట్టో కాస్టెల్లి 1628లో ప్రకటించగా, ప్రతి బిందువుకూ వర్తించే అవకలన రూపం లెనార్డ్ ఆయిలర్ వ్యాసంలో 1757లో అచ్చయింది. ధ్వనిని మించిన వేగాల్లో వాయు సాంద్రత ఎంతగా పడిపోతుందంటే, విశాలమయ్యే నాళంలోనే ప్రవాహం మరింత వేగం పుంజుకుంటుంది. రాకెట్ నాజిల్ చివర గంటలా విచ్చుకొని ఉండటానికి కారణం అదే.