కారణం రాయని ఫైలు: జడ్జీల ఎంపికపై డెబ్భై అయిదేళ్ళ వాదన

మొన్న పొద్దున్న నడక అయ్యాక పార్కు బెంచీ మీద కూర్చుంటే, లెక్కల మాస్టారుగా రిటైరయిన మిత్రుడొకాయన ఓ ప్రశ్న వేశారు. "ఏవండీ, అమెరికాలో చూడండి. జడ్జీని వేసే ముందు సెనేట్ వాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. మనవాళ్ళకి ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదంటారు?"

పుట్టింది మాస్టారూ! 1949లోనే పుట్టింది. మనవాళ్ళే వద్దనుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారు, తర్వాత ఏం జరిగింది అన్నదే ఈ వ్యాసం. నేను లాయర్ని కాను. బీకాం చదివి రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. వోచరు లేని బిల్లు వస్తే అది జనరల్ గారిదా జవానుదా అని చూడకుండా వెనక్కి పంపడం నాకు తెలిసిన విద్య. ఆ కళ్ళతోనే ఇది చదివాను.

1949 మే 24న రాజ్యాంగ సభలో సుప్రీంకోర్టు జడ్జీల నియామకం చర్చకి వచ్చింది. ముసాయిదాలో అది 103వ అధికరణం, ఇప్పుడు 124. ముఖ్యంగా మూడు సవరణలు వచ్చాయి. ప్రధాన న్యాయమూర్తిని సంప్రదిస్తే చాలదు, ఆయన అంగీకారం ఉండాలన్నారు పోకర్ సాహెబ్. రాజ్యసభను కూడా సంప్రదించాలన్నారు కె.టి. షా. శిబ్బన్ లాల్ సక్సేనా ఇంకా ముందుకెళ్ళి, ప్రధాన న్యాయమూర్తి నియామకాన్ని పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఖాయం చెయ్యాలన్నారు. మన మాస్టారు అడిగింది కూడా దాదాపు ఇదే.

అంబేద్కర్ మూడింటినీ కాదన్నారు. బ్రిటన్‌లో నియామకం పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది, అమెరికాలో సెనేట్ ఒప్పుకోవాలి, మనం మధ్యే మార్గం పడదామన్నారు. చట్టసభ ఆమోదం పెడితే పని జటిలమవుతుంది, రాజకీయ ఒత్తిళ్ళు చొరబడతాయి అన్నారు. ప్రధాన న్యాయమూర్తి అంగీకారం తప్పనిసరి అంటే మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? ఆయన ఎంత గొప్పవాడైనా మనందరికీ ఉండే లోపాలూ, ఇష్టాయిష్టాలూ ఉన్న మనిషే కదా అన్నది ఆయన వాదన. హేతువాదులం మనం ఆ మాటని ఫ్రేము కట్టించుకోవాలి. నల్లకోటు తొడుక్కున్నంత మాత్రాన మనిషి దేవుడైపోడు.

ఆ రోజు నెహ్రూ కూడా మాట్లాడారు. అవసరమైతే ప్రభుత్వానికి ఎదురు నిలబడగలవాళ్ళు జడ్జీలుగా ఉండాలన్నారు. చివరికి ఖాయమైంది ఇది: రాష్ట్రపతి, అంటే ఆచరణలో ప్రభుత్వం, సంప్రదించి వేస్తారు. హైకోర్టు జడ్జీలకీ ఇదే పద్ధతి. కాకపోతే గవర్నరు, ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా ఉంటారు. సంప్రదింపు అన్నారు గాని, దాన్ని కాగితం మీద ఎలా చూపాలో, కారణాలు ఎవరికి చెప్పాలో రాయలేదు. నా దృష్టిలో లోపం అక్కడుంది.

ఈ లోపం 1973లో బయటపడింది. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు 7–6గా తీర్పు చెప్పారు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్నారు. ఆ ఏడుగురిలో మన తెలుగువారు పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. మర్నాడే రేడియోలో వార్త: ఎ.ఎన్. రే కొత్త ప్రధాన న్యాయమూర్తి. ఆయనకంటే సీనియర్లయిన షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటేశారు. ఆ ముగ్గురూ మెజారిటీ వైపు, రే మైనారిటీ వైపు. 1970లో బ్యాంకుల జాతీయకరణని కోర్టు 10–1తో కొట్టేసినప్పుడు ఆ ఒక్కరూ రే గారే. ముగ్గురూ రాజీనామా చేశారు.

మా ఇంట్లో పెద్ద వాదన. పోస్టాఫీసు గుమాస్తా అయిన మా నాన్నగారు "సీనియారిటీ కూడా పోతే ఇంక గవర్నమెంటు ఉద్యోగంలో మిగిలేదేముంది?" అన్నారు. కమ్యూనిస్టుల వైపు మొగ్గుండే మా మావయ్య "పేదవాళ్ళకోసం చేసిన చట్టాలన్నీ కొట్టేసే జడ్జీలు కావాలేమిటి బావగారూ?" అన్నాడు. సరిగ్గా ఇదే వాదన మే 2న లోక్‌సభలో మోహన్ కుమారమంగళం వినిపించారు. ప్రధాన న్యాయమూర్తిని వేసేటప్పుడు ఆయన దృక్పథం ఏమిటో చూసే హక్కు ప్రభుత్వానికి ఉందన్నారు. సీనియారిటీ ఒక్కటే కొలబద్ద కాకూడదని 1958లో లా కమిషన్ 14వ నివేదిక చెప్పిందని గుర్తు చేశారు.

ఆ మాట నిజమే! నివేదిక అలాగే చెప్పింది. కానీ సమర్థత చూడమన్న సిఫారసుని, మనకి నచ్చిన తీర్పులు ఇచ్చేవాణ్ణి చూడమన్నట్టు చదువుకుంటే ఎలా? పైగా సభలో చర్చ జరిగింది నియామకం అయిపోయాక. బిల్లు చెల్లించేశాక ఆడిట్ చేసినట్టు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో అరెస్టయినవాళ్ళు కోర్టుకి వెళ్ళే హక్కు లేదని రే అధ్యక్షతన ధర్మాసనం 4–1తో చెప్పింది. కాదన్న ఒక్కరు హెచ్.ఆర్. ఖన్నా. 1977 జనవరిలో ఆయన్నీ దాటేసి బేగ్‌ని వేశారు. ఖన్నా రాజీనామా చేశారు. ఆ తర్వాత మా మావయ్య దృక్పథం మాట మళ్ళీ ఎత్తలేదు.

ప్రభుత్వం చేతిలో పెడితే ఇలా అయిందని, 1993 అక్టోబరు 6న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం సంప్రదింపు అంటే దాదాపు అంగీకారమేనని తేల్చింది. 1998లో కొలీజియం అంటే ప్రధాన న్యాయమూర్తి, మరో నలుగురు సీనియర్లు అని ఖాయమైంది. అంటే 1949లో పోకర్ సాహెబ్ అడిగి ఓడిపోయింది 44 ఏళ్ళ తర్వాత తీర్పు రూపంలో గెలిచిందన్న మాట. అంబేద్కర్ వద్దన్నది వచ్చింది.

సంప్రదింపు అంటే కాగితాలు చూడటం అనుకుంటున్నారా? అయితే ఇది వినండి. గౌహతి హైకోర్టుకి జడ్జీగా మిజోరం ప్రభుత్వ న్యాయశాఖ అధికారి ఒకరిని ఎంపిక చేశారు. ఫైలు రాజ్యాంగం చెప్పిన మెట్లన్నీ ఎక్కింది. రాష్ట్రపతి వారంటు కూడా జారీ అయింది. ప్రమాణ స్వీకారానికి ముందు కేసు పడింది. 1992లో సుప్రీంకోర్టు చూస్తే తేలిందేమిటి? ఆయన న్యాయవాదిగా గాని, న్యాయాధికారిగా గాని రాజ్యాంగం అడిగిన పదేళ్ళు పనిచెయ్యలేదు! 217వ అధికరణంలో ఉన్న కనీస అర్హతే లేదు. నియామకం రద్దయింది. ఇంతమంది పెద్దలు సంతకాలు పెట్టారు. ఒక్కరూ సర్వీసు రికార్డు తిరగెయ్యలేదు. ప్రతి ఒక్కరూ "కిందివాళ్ళు చూసే ఉంటారులే" అనుకున్నారు. నమ్మకం అనే జబ్బు గుళ్ళలోనే ఉంటుందని ఎవరన్నారు?

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2014 ఆగస్టులో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ కోసం రాజ్యాంగ సవరణ లోక్‌సభలో ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా, 367 ఓట్లతో నెగ్గినప్పుడు నేను సంబరపడ్డాను. కమిషన్లో ఆరుగురు: ముగ్గురు జడ్జీలు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. బయటి కళ్ళు పడితే అంతా బాగుపడుతుందనుకున్నాను. ఆ ప్రముఖులకి ఏ అర్హత ఉండాలో చట్టంలో రాయలేదనీ, ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతుందనీ తెలిసినా తేలిగ్గా తీసుకున్నాను. 2015 అక్టోబరు 16న కోర్టు 4–1తో దాన్ని కొట్టేసినప్పుడు కోపం కూడా వచ్చింది. ఆ ఒక్క అసమ్మతి తీర్పు జాస్తి చలమేశ్వర్ గారిది, మన కృష్ణా జిల్లా మనిషి. కొలీజియం రికార్డులు ఎవరికీ అందవన్నది ఆయన ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. 2016లో, మాట్లాడింది రాసి ఉంచని సమావేశాలకి రానన్నారు కూడా. నేను ఆయన తీర్పులో కమిషన్ మంచిదన్న ముక్క పట్టుకుని, రికార్డు ఉండాలన్న ముక్క వదిలేశాను. మనకి కావలసింది మాత్రమే చదువుకోవడం! భక్తుల్లో చూసి నవ్వుకునే లక్షణమే నాలోనూ ఉంది.

నా కళ్ళు తెరిపించింది నేపాల్. అక్కడ రాజ్యాంగం ప్రకారం 15 మంది ఎంపీల విచారణ సంఘం ఉంది. అంటే సక్సేనా కలలాంటిదే. 2018లో దీపక్ రాజ్ జోషీ పేరుని ప్రధాని అధ్యక్షుడుగా ఉండే రాజ్యాంగ మండలి ప్రధాన న్యాయమూర్తి పదవికి సిఫారసు చేసింది. ఆగస్టు 3న సంఘం తిరస్కరించింది. ఆ దేశంలో అలా జరగడం అదే మొదలు. పాఠశాల సర్టిఫికెట్ మీద సందేహాలు, కొన్ని తీర్పులు, ఆయన చెప్పిన కార్యప్రణాళిక కారణాలుగా చూపారు. తిరస్కరించింది ప్రధాని పార్టీ సభ్యులు, గొడవ చేసింది ప్రతిపక్షం. సర్టిఫికెట్ అనుమానం నిజమైతే అది అన్నేళ్ళు జడ్జీగా ఉన్నప్పుడు ఏమైంది? అబద్ధమైతే ఎందుకు ఎత్తారు? తేల్చలేదు, ఓటేసేశారు. తర్వాత అదే సంఘం ఆమోదంతో 2019 జనవరిలో వచ్చిన చోళేంద్ర శంషేర్ రాణా మీద 2022 ఫిబ్రవరిలో 98 మంది ఎంపీలు అభిశంసన తీర్మానం పెట్టారు. జల్లెడ ఉంది, కానీ ఏది జారిందో ఏది నిలిచిందో చెప్పలేని జల్లెడ.

కాబట్టి మాస్టారూ, ప్రభుత్వం వేసినా, జడ్జీలే వేసినా, ఎంపీలు ఆమోదించినా, కారణం రాసి, దాన్ని బయటివాడు పరీక్షించే వీలు లేకపోతే మూడూ ఒకటే. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టే ఒక మంచి మాట చెప్పింది. సరిహద్దు రోడ్ల సంస్థ ఇంజనీరుకి ప్రమోషన్ పోయింది, రహస్య నివేదికలో తనకి ఏ గ్రేడు వేశారో ఆయనకి తెలియదు. ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలపాల్సిందేనంది కోర్టు. మా ఉద్యోగుల్లో ఈ తీర్పు తెలియనివాళ్ళు అరుదు. రోడ్లు వేసే ఇంజనీరుకి వర్తించిన న్యాయం హైకోర్టుకి వెళ్ళబోయే లాయరుకి ఎందుకు వర్తించదు?

"కారణాలు బయటపెడితే మనుషుల పరువు పోదా?" అంటారు. కొట్టిపారెయ్యదగ్గ అభ్యంతరం కాదు. రుజువు కాని ఆరోపణని పేపరుకి ఎక్కించమని నేను అనడం లేదు. కానీ 2023 జనవరిలో కొలీజియం కొన్ని పేర్ల మీద ప్రభుత్వ అభ్యంతరాలని తీర్మానాల్లోనే ప్రచురించింది. ప్రధానిని విమర్శించిన వ్యాసం పంచుకున్నారని ఒకరి మీద, సామాజిక మాధ్యమాల్లో అభిప్రాయాలు చెప్పారని ఇంకొకరి మీద అభ్యంతరం. అవి చదివాక పోయింది ఎవరి పరువు? అభ్యర్థులదా? ఆలోచించండి.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు, గుమాస్తా స్థాయి కోరిక. అర్హత ఫలానా కాగితంతో సరిచూశామని సంతకం. ఏ కొలబద్దతో ఎంచారో ఒక పేజీ. వ్యతిరేకంగా ఏదైనా ఉంటే ముందు ఆ మనిషికి చూపి జవాబు తీసుకున్నట్టు నోటు. ఈ మూడూ ఉంటే ఎవరు ఎంచినా తప్పు పట్టుకోగలం. అవి లేకుండా జడ్జీలు దేవుళ్ళు కాబట్టి నమ్మండి, ఎంపీలు ప్రజలు ఎన్నుకున్నవాళ్ళు కాబట్టి నమ్మండి అంటే, ఆ బిల్లు నా టేబుల్ దగ్గరికి వచ్చుంటే ఒక్క మాట రాసి వెనక్కి పంపేవాణ్ణి: వోచరు జతపరచలేదు.