కంప్యూటర్ వనరుల బేరంలో ఆంటాలజీలు, ఏజెంట్లు

వేర్వేరు సంస్థల కంప్యూటర్లను పలువురు పంచుకునేటప్పుడు ఎవరి పని ఏ యంత్రం మీద, ఎప్పుడు, ఏ షరతులపై నడవాలో ప్రోగ్రాములే మాట్లాడుకుని తేల్చుకునే పద్ధతి ఇది. యజమాని తరఫునో, వాడుకరి తరఫునో బేరమాడే ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ ఏజెంట్ అంటారు. ఒక రంగంలోని భావనలనూ వాటి మధ్య సంబంధాలనూ యంత్రానికి బోధపడేలా రాసిపెట్టిన వర్ణన ఆంటాలజీ. బేరంలో వాడే మాటలకు ఇరుపక్షాలూ ఒకే అర్థం చెప్పుకోవడానికి అది అవసరం.

యంత్రాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అన్న చిక్కు పాతదే. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పీడీపీ-1 కంప్యూటర్ సమయాన్ని వాడుకరులు వేలంలో పాడుకునేవారు. ఇందుకోసం ఒక్కొక్కరికి ప్రాజెక్టు ప్రాధాన్యాన్ని బట్టి 'యెన్' అనే లెక్కసొమ్ము కేటాయించేవారు. ఈ ఏర్పాటును ఐవాన్ సదర్లాండ్ 1968లో వివరించారు. 1980లో రీడ్ స్మిత్ కాంట్రాక్ట్ నెట్ ప్రోటోకాల్‌ను ప్రతిపాదించారు. ఇది అచ్చంగా టెండర్ల పద్ధతి: పని ఉన్న ఏజెంట్ ప్రకటన ఇస్తుంది, చేయగలిగినవి బిడ్లు వేస్తాయి, నచ్చినదానికి పని దక్కుతుంది. 1996లో ఏర్పడిన ఫిపా సంస్థ ఏజెంట్ల సంభాషణకు ప్రమాణాలు రూపొందించింది. వాటి ప్రకారం సందేశంలో పంపినవారు, అందుకునేవారు, గడువు వంటి వాటితోపాటు ఏ ఆంటాలజీ ప్రకారం మాట్లాడుతున్నారో చెప్పడానికీ ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే బేరం ఎంత నేర్పుగా సాగినా ప్రయోజనం అనుమానమే.

మాటలకు ఒకే అర్థం ఎందుకు అవసరమో కాండర్ వ్యవస్థలో స్పష్టంగా కనిపిస్తుంది. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో మిరాన్ లివ్నీ బృందం 1980ల చివర్లో దీని నిర్మాణం మొదలుపెట్టింది. ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు పని అప్పగించడం దీని ఉద్దేశం. ఇందులో ఇరుపక్షాలూ క్లాస్‌యాడ్ అనే ప్రకటన ఇస్తాయి. 'లినక్స్ ఉండాలి, మెమరీ 2,048 మెగాబైట్లకు తగ్గకూడదు, దొరికినవాటిలో వేగమైనది కావాలి' అని పని అడుగుతుంది. 'కీబోర్డును పదిహేను నిమిషాలుగా ఎవరూ తాకకపోతేనే పని తీసుకుంటాను, మా శాఖవారికే మొదటి అవకాశం' అని యంత్రం అంటుంది. నెగోషియేటర్ అనే భాగం రెంటినీ సరిపోల్చి జత కుదిరిస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకుని ఒప్పందాన్ని ఖాయం చేసుకుంటారు. యజమాని మాటకు వాడుకరి మాటతో సమానమైన విలువ ఇవ్వడం ఈ పద్ధతిలోని గొప్ప గుణం.

అయితే ఇక్కడ పోలిక అక్షరాలా జరుగుతుంది. పని యూనిక్స్ అడిగి, యంత్రం లినక్స్ అని రాసుకుంటే జత కుదరదు. యంత్రం చెప్పని లక్షణాన్ని పని అడిగితే జవాబు 'తెలియదు' అని వస్తుంది, అదీ కుదరనట్టే లెక్క. తప్పు జరిగినట్టు ఎవరికీ కబురు అందదు, పని మాత్రం వరసలో నిలిచిపోతుంది. 'నాలుగు ప్రాసెసర్లు' అంటే నాలుగు చిప్‌లా, ఒకే చిప్‌లోని నాలుగు కోర్‌లా అన్నదీ ఇలాంటి చిక్కే.

2003లో టాంగ్‌మునరున్‌కిట్, డెకర్, కెసెల్‌మన్ దీనికి ఆంటాలజీతో పరిష్కారం చూపారు. వనరులకు ఒకటి, అభ్యర్థనలకు ఒకటి, విధానాలకు ఒకటి చొప్పున మూడు ఆంటాలజీలు రాసి, వాటికి తర్క నియమాలు జోడించారు. లినక్స్ యూనిక్స్ కోవకు చెందినదని నియమాల ద్వారా తెలిశాక, వేర్వేరు మాటల్లో రాసిన ప్రకటనలూ కలుస్తాయి. మరుసటి ఏడాది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆంటాలజీల కోసం ఓడబ్ల్యూఎల్ భాషను ప్రమాణంగా ప్రకటించింది. పలు సంస్థల కంప్యూటర్లను కలిపి వాడుకునే గ్రిడ్‌కు బలముంది కానీ తెలివి చాలదని, ఏజెంట్లకు తెలివుంది కానీ గట్టి పునాది లేదని ఇయాన్ ఫోస్టర్, నికొలస్ జెన్నింగ్స్, కెసెల్‌మన్ అదే 2004లో వాదించారు.

ధర విషయంలో మొనాష్ విశ్వవిద్యాలయంలో రూపొందిన నిమ్రాడ్-జీ అనే వ్యవస్థ చెప్పుకోదగ్గది. వాడుకరి గడువు, బడ్జెట్ చెబితే అది యంత్రాలను ఎంచుకునేది. ఒప్పందాల కోసం 2007లో డబ్ల్యూఎస్-అగ్రిమెంట్ ప్రమాణం వెలువడింది. అందులో ప్రతిపాదనను ఒప్పుకోవడమో కాదనడమో తప్ప మధ్యేమార్గం లేదు. పలు దఫాల బేరానికి వీలిచ్చే అనుబంధం 2011లో వచ్చింది.

ఈ పరిశోధనలో బేరపు ఎత్తుగడలకు దక్కిన శ్రద్ధ ఉమ్మడి పదజాలానికి దక్కలేదు. నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. ఆంటాలజీని ఎవరో ఒకరు రాయాలి, కొత్త యంత్రాలు వచ్చినప్పుడల్లా సవరించాలి, అన్ని సంస్థలూ దాన్ని ఒప్పుకోవాలి. ఐరోపా, అమెరికా గ్రిడ్‌లు తర్కంతో పనిలేని గ్లూ స్కీమా అనే సాదా వర్ణనతో సర్దుకున్నాయి. అది కూడా మనుషులు కూర్చుని మాట్లాడుకుంటేనే సాధ్యమైంది.

2006లో కంప్యూటర్లను అద్దెకిచ్చే అమెజాన్ ఈసీ2 సేవ వచ్చాక ధరల పట్టిక చూసి కొనుక్కోవడం మామూలైంది. మిగిలిపోయిన యంత్రాలకు 2009లో వేలం తరహా బిడ్లు పెట్టిన ఆ సంస్థ, 2017 చివర్లో బిడ్ వేయాల్సిన అవసరాన్నే తీసేసింది. యజమాని ఒక్కడే అయినచోట బేరం అవసరం తగ్గింది. పలు సంస్థల యంత్రాలు కలిసి పనిచేయాల్సిన చోట మాత్రం కాండర్ ఇప్పటికీ జతలు కుదురుస్తోంది. 2012లో హెచ్‌టీకాండర్‌గా పేరు మార్చుకున్న ఈ వ్యవస్థను గురుత్వ తరంగాలను వెదికే లిగో, సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగాలు వాడుతున్నాయి.